పెరట్లో అరుగు

మా పైయింటివారి పెరట్లో సోమవారంనుంచి మట్టి తవ్వే యంత్రం పనిచేస్తోంది. కొత్తగా వచ్చిన యువదంపతులు, పాటియో వేయించుకుంటున్నారు. నేను పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే మా ఆవిడ, "అంత దీక్షగా ఏం చూస్తున్నారండీ? వాళ్ళ పెరడు, వాళ్ళిష్టం" అంది. నిజమే, పెరడు వాళ్ళది. కాని ఆ పెరట్లో పడే వాన అక్కడ ఆగదు. దాని దారి మా పెరట్లోంచి.

మన సంఘం కార్యదర్శిగారు పత్రికకు ఏదైనా రాయమని మూడు నెలలుగా అడుగుతున్నారు. "పండగలమీద మాత్రం వద్దు, ఇప్పటికే ఆరు వ్యాసాలు వచ్చాయి" అన్నారు. పండగలు కాకుండా నాకు తెలిసిన సంగతి ఒకటే ఉంది: వాలు నేలమీద రాళ్ళు పరచడం. అది కూడా ఒకసారి చెడగొట్టి నేర్చుకున్నది. ఈమధ్య మనవాళ్ళలో చాలామంది కొండవాలుల్లో ఇళ్ళు కొంటున్నారు కనుక ఎవరికైనా పనికివస్తుందేమోనని రాస్తున్నాను.

మేము పిట్స్‌బర్గ్‌లో ఇల్లు కొన్నది 1977లో. ఈ ఊళ్ళో చదునైన నేల కావాలంటే నది ఒడ్డుకు పోవాలి, అక్కడ ఫ్యాక్టరీలుండేవి. మిగిలినవాళ్ళందరం గుట్టలమీదే. పెన్ హిల్స్‌లో 1976లో వెలసిన మన వెంకటేశ్వరస్వామి గుడి కూడా వాలులోనే ఉంది. స్వామికి కొండ అలవాటే, మాకు కాదు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అక్కడ నేల అరచెయ్యిలా ఉంటుంది. ఇక్కడ మా వెనక తలుపు తీసి ఒక బంగాళాదుంప జారవిడిస్తే కిందింటివారి కంచె దగ్గరకు వెళ్ళి ఏరుకోవాలి. ఇది నేను కొలిచి చెబుతున్నాను. ఇంటి గోడనుంచి పన్నెండడుగుల దూరంలో నేల ముప్పై అంగుళాలు దిగిపోతుంది.

1979లో అమ్మా నాన్నా మొదటిసారి వచ్చారు. ఇల్లంతా చూసి నాన్న, "అన్నీ బాగున్నాయిరా అబ్బాయ్, కూర్చోడానికే చోటు లేదు" అన్నారు. ఇంట్లో రెండు సోఫాలు, ఎనిమిది కుర్చీలు ఉన్నాయి. ఆయన అన్నది వాటి గురించి కాదని నాకు తెలుసు. ఊళ్ళో మా ఇంటిముందు వీధి అరుగు ఉంది. పొద్దున ఆరింటికి ఆయన దానిమీద పేపరుతో, చుట్టతో కూర్చునేవారు. పొలం కబుర్లు, పెళ్ళి సంబంధాలు, తగాదాలు అన్నీ అక్కడే నడిచేవి. ఇక్కడ చూస్తే ఇంట్లో చుట్ట కాల్చడానికి కోడలు ఒప్పుకోదు. బయట నిలబడదామంటే వాలు. ఒకరోజు మంచుతడి గడ్డిమీద జారి మోకాలు బెణికించుకున్నారు. ఆ తరువాత వారం రోజులు టీవీ ముందు, అర్థంకాని భాషలో బేస్‌బాల్ చూస్తూ కూర్చున్నారు. అది చూడలేక పాటియో వేద్దామని నిశ్చయించుకున్నాను.

అక్టోబరులో వాళ్ళ తిరుగు ప్రయాణం. ఇది ఆగస్టు. నాలుగు శనాదివారాలు చాలనుకున్నాను. పదహారడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. వాలుంది కనుక కింది అంచున రైలుపట్టాల కింద వేసే పాత దుంగలు ముప్పై అంగుళాల ఎత్తున పేర్చి, వెనక లారీ మట్టి పోయించి, పైన రెండడుగుల చదరపు సిమెంటు పలకలు నలభై ఎనిమిది పరిచాను. రసమట్టం పెట్టి ప్రతి పలకా సరిచూశాను. మా అమ్మాయి గోలీ మధ్యలో పెడితే ఎటూ దొర్లలేదు. ఆ గోలీని నేను వచ్చినవాళ్ళందరికీ చూపించాను.

నాన్న చూసి రెండే మాటలన్నారు. "పోతమట్టి ఒక వానాకాలం కూర్చోవాలిరా. ఇంత సమంగా ఉంటే నీళ్ళెటు పోతాయి?"

"నేను ఇంజనీర్ని నాన్నా" అన్నాను.

"కరెంటుకి కదా" అన్నారాయన. ఇంకేమీ అనలేదు. మూడు వారాలపాటు ఆ పలకలమీద కుర్చీ వేసుకుని హాయిగా చుట్ట కాల్చుకుని ఊరికి వెళ్ళిపోయారు.

ఇక్కడ కొంచెం ఆగి వాన సంగతి చెప్పాలి. మా తెనాలి వైపూ పిట్స్‌బర్గ్‌లోనూ ఏడాదికి పడే వాన ఇంచుమించు ఒకటే, నలభై అంగుళాలకు అటూ ఇటూ. తేడా ఎక్కడంటే, అక్కడ ఎక్కువ భాగం నాలుగైదు నెలల్లో పడి ఊరుకుంటుంది, నేల ఆరడానికి వ్యవధి ఉంటుంది. ఇక్కడ పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా పడుతూనే ఉంటుంది. నేల బంకమన్ను, తాగిన నీటిని వదలదు. చలికాలంలో ఆ నీరు గడ్డకడుతుంది. గడ్డకట్టినప్పుడు నీరు సుమారు నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బుతుంది. ఈ ప్రాంతంలో ఇంటి పునాదులు మూడడుగుల లోతుకు దింపమనేది అందుకే, చలి అంత లోతుకు దిగుతుందని. ఒక్కసారి గడ్డకట్టి వసంతంలో కరిగితే ఫరవాలేదు. మా ఊళ్ళో అది గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం చలికాలమంతా సాగుతుంది. ప్రతిసారీ మట్టి పైకి లేచి, మళ్ళీ కూలబడుతుంది. గట్టిపరచని లారీ మట్టి అయితే చెప్పనే అక్కరలేదు.

1980 మార్చిలో మంచు కరిగి, దానిమీద రెండు రోజులు వాన పట్టింది. అప్పటికే పలకలు బయటి అంచున నాలుగంగుళాలు కుంగి, దుంగలు పొట్ట ఉబ్బినట్టు ముందుకు వచ్చాయి. నేను చూస్తూనే ఉన్నాను, వేసవిలో సరిచేద్దామనుకున్నాను. రెండోరోజు తెల్లవారుజామున ఆ పొట్ట పగిలింది.

కిందింట్లో ఉండే పెద్దాయన ఉక్కు మిల్లులో జీవితమంతా పనిచేసి రిటైరయినవాడు. భార్య పోయి రెండేళ్ళయింది. మేము ఆ వీధిలోకి వచ్చిన మొదటి భారతీయ కుటుంబం. సామాను దించుతుంటే వచ్చి మంచం ఒక కొస పట్టుకున్నది ఆయనొక్కడే. ఆరోజు పొద్దున ఏడింటికి బురద బూట్లతో మా తలుపు తట్టి, "మీ గోడ నా వెల్లుల్లి మడి చూడటానికి వచ్చింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెళ్ళి చూస్తే మడి ఒక్కటే కాదు. బురదనీరు కిటికీ గుంటలోంచి ఆయన బేస్‌మెంటులోకి దిగింది. అక్కడ రెండంగుళాల నీళ్ళలో ఆయన భార్య కుట్టుమిషను ఉంది. అది ఎత్తి ఇటుకలమీద పెట్టడానికి ఆయన ఒంటరిగా పెనుగులాడి, చేతకాక, నన్ను పిలవడానికి వచ్చాడు.

నష్టం ఇస్తానంటే తీసుకోలేదు. తీసుకుని ఉంటే నాకు బాగుండేది. ఆయనేమీ అనలేదు. కాని వీధిలో నడుస్తుంటే ప్రతి కిటికీలోంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది. ఆ రోజుల్లో ఇక్కడున్నవాళ్ళకు ఈ బాధ తెలుసు. మనమొక తప్పు చేస్తే అది మన ఒక్కరి తప్పుగా పోదు, వెనక వచ్చేవాళ్ళందరి ఖాతాలోనూ రాసుకుంటారని భయం.

దుంగలు పీకించి, మట్టి సర్ది, గడ్డి గింజలు చల్లి, పలకలు గరాజు పక్కన పేర్చాను. ఆ వారమే నాన్నకు ఉత్తరం రాశాను: "అరుగు దివ్యంగా ఉంది, మీరొచ్చి కూర్చోవడమే తరువాయి." ఎందుకలా రాశానో ఇప్పుడు చెప్పినా నమ్మకంగా ఉండదు. ఆయన ప్రతి ఉత్తరంలోనూ అరుగు ఎలా ఉందని అడిగేవారు. ఏడాదిపాటు నేను ఏదో ఒకటి రాస్తూ వచ్చాను. ఒకసారి దానిమీద పూలకుండీలు కూడా పెట్టాను, ఉత్తరంలో.

1981 మేలో మళ్ళీ వచ్చారు. విమానంలోంచి దిగి ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుని నాన్న తిన్నగా వెనక తలుపు తీశారు. గడ్డి చూశారు, గరాజు పక్కన పలకల దొంతర చూశారు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఉత్తరాల గురించి అడుగుతారనుకున్నాను.

"కిందాయన ఇంట్లోకి నీళ్ళెళ్ళాయా?" అన్నారు.

వెళ్ళాయన్నాను.

డెల్టాలో గట్టు తగాదాలు ఎరిగినవారికి ఆ ప్రశ్న వింతగా తోచదు. పైవాడు తన చేలో నీరు ఎప్పుడు, ఎటు వదిలాడన్నదానిమీద మా ఊళ్ళో తలలు పగిలాయి, అన్నదమ్ములు కోర్టుకెక్కారు. కిందివాడి చేనుమీదకు నీళ్ళు వదిలాడన్న మాట పడటం ఆయన దృష్టిలో దొంగతనంతో సమానం. అబద్ధపు ఉత్తరాల సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రాత్రి అమ్మ మాత్రం వంటింట్లో నెమ్మదిగా, "అమెరికాలో మావాడు నాకోసం అరుగు కట్టాడని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నారురా" అంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కిందింటికి వెళ్ళారు. "చెప్పు. మావాడు తెలియక తప్పు చేశాడు. మళ్ళీ కడతాం, ఈసారి చుక్క నీరు మీవైపు రాదు అని చెప్పు." నా తప్పుకు నేనే దుబాసీని. ఆ పెద్దాయన విని, "పని ఎప్పుడు మొదలుపెడుతున్నారు? నా దగ్గర మంచి పార ఉంది" అన్నాడు.

పని వెంటనే మొదలుకాలేదు. రెండు వారాలు నాన్న వాన కోసం కాచుకున్నారు. వాన పడినప్పుడల్లా గొడుగు వేసుకుని పెరట్లో నిలబడి, నీరు ఎటునుంచి వస్తోందో, ఎక్కడ ఆగుతోందో చూసి కొయ్యమేకులు పాతేవారు. నేను ఇన్నాళ్ళూ మా కప్పుమీదనుంచి దిగే నీరే అనుకున్నాను. మేకుల వరస చూస్తే తెలిసింది, సగానికి పైగా పైయింటివైపునుంచి వస్తోంది. అది నా పాటియో కిందకు దూరి, పోవడానికి దారిలేక దుంగలను తోసింది. నీరు పల్లమెరుగు అని చిన్నప్పటినుంచి వింటున్నదే.

నాకొక సంగతి అప్పుడే తట్టింది. అంత చదునైన నేలమీద పుట్టి పెరిగినాయనకు వాలు గురించి ఏం తెలుస్తుందనుకున్నాను. నిజానికి తెలిసేది ఆయనకే. కొండమీద నీరు ఎవరూ చెప్పకుండానే పోతుంది. డెల్టాలో అంగుళం వాటం తప్పితే ఒక మడి ఎండుతుంది, పక్క మడి కుళ్ళుతుంది. ఆయన జీవితమంతా అంగుళాలతోనే గడిపారు.

కొలతకు ఆయనడిగింది లోపలి నీరు కనిపించే ప్లాస్టిక్ గొట్టం, ముప్పై అడుగులు. ఊళ్ళో తాపీమేస్త్రులు వాడేది అదే. నీళ్ళు నింపి, బుడగలు లేకుండా చూసి, ఒక కొస నేను, ఒక కొస కిందింటి పెద్దాయన పట్టుకుంటే రెండువైపులా నీళ్ళు నిలిచిన చోటు ఒకే మట్టం. మధ్యలో చెట్టున్నా మూల తిరిగినా ఇబ్బంది లేదు. నా రసమట్టం రెండడుగుల పొడవు, దానితో పదహారడుగులు కొలిస్తే చిన్న తప్పు ఎనిమిది రెట్లవుతుంది. మూలలకు మాత్రం మూడు, నాలుగు, అయిదడుగుల లెక్కతో పురికొస కట్టాం.

కొలతలయ్యాక నాన్న, "నువ్వు నేలను ఇంటిదాకా లేపావు. మనమే నేల దగ్గరకు దిగుదాం" అన్నారు. అసలు మార్పంతా అదే. ఇంటికి ఆనించకుండా నాలుగడుగులు వదిలి మొదలుపెట్టాం. అక్కడ నేల అప్పటికే పదంగుళాలు దిగి ఉంది, దానిలో ఇంకో పదంగుళాలు తవ్వాం. వెనక తలుపునుంచి మూడు మెట్లు, ఏ మెట్టూ ఏడంగుళాలు మించకుండా, ఆయన మోకాలికి తగినట్టు. అలా దించేసరికి కింది అంచున ఎత్తవలసింది ముప్పై అంగుళాలనుంచి పదిహేడుకు తగ్గింది. అందులోనూ అడుగున వేసే కంకర తొమ్మిదంగుళాలదాకా తీసుకుంటుంది. మిగిలిన ఎనిమిదంగుళాల పోతకు కూడా ఆయన మట్టి ఒప్పుకోలేదు, రాయే వేయమన్నారు.

ఇక్కడివాళ్ళు రహదారుల కింద వేసే సున్నపురాయి కంకర ఉంది. పెద్దముక్కలనుంచి పొడిదాకా కలిసి ఉంటుంది, తడిపి కొడితే బిగుసుకుపోతుంది. సుమారు ఎనిమిది టన్నులు వచ్చింది. లారీవాడు ఇంటిముందు పోసిపోయాడు. పెరట్లోకి చేర్చడం ఒంటిచక్రం బండితో. ఆ జూలై నెల గురించి రాయడానికి నా నడుము ఇప్పటికీ ఒప్పుకోదు. ఒకేసారి పోసి కొట్టకూడదు, రెండు మూడంగుళాల పొరలుగా వేసి ఒక్కొక్క పొరనీ గట్టిపరచాలి. అద్దెకు తెచ్చిన యంత్రం నేలమీద దడదడలాడుతూ తిరుగుతుంటే నాన్న నవ్వి, "దిమ్మిసకి మోటారు పెట్టారన్నమాట" అన్నారు. యంత్రం అందని మూలల్లో మాత్రం ఆయనే ఒక దుంగముక్కకు కర్ర బిగించి కొట్టారు.

అడ్డుగోడ రాతితో కట్టాం. మొదటి వరస నేలలోకి దింపి, అడుగుకు ఒక అంగుళం చొప్పున గోడ వెనక్కు వాలేలా పేర్చాం. గోడ వెనక అడుగు వెడల్పున ఉత్త గులకరాళ్ళు, వాటి అడుగున చిల్లుల గొట్టం. ఆ గొట్టం పక్కవైపుగా వీధి కాలువకు పోతుంది. మునిసిపాలిటీవారిని అడిగే పెట్టాం. పైవైపు కూడా తవ్వగా ఏర్పడ్డ చిన్న గట్టుకు రాళ్ళు పేర్చి, దానికి ఎగువన ఒక బోదె తీశాం. పైయింటి నీరు పాటియోమీదకు రాకుండా చుట్టూ తిరిగిపోవాలని. పొలంలో బోదె ఎలా తీస్తారో అలాగే, ఆయన మడమతో గీత గీస్తే నేను తవ్వాను.

తగాదా ఒక్కచోట వచ్చింది. పైరాళ్ళకు అడుగుకు పావంగుళం వాటం ఉండాలన్నారు. పన్నెండడుగులకు మూడంగుళాలు. కుర్చీలు ఒరిగిపోయినట్టుంటాయి, అందులో సగం చాలన్నాను. "కుర్చీలో కూర్చున్నవాడికి మూడంగుళాలు తెలియవురా. నీళ్ళకి తెలుస్తాయి" అన్నారు. ఈసారి నేను ఇంజనీర్నని అనలేదు.

రాయి మాత్రం మంచిది కొన్నాను. ఈ పెన్సిల్వేనియా ఈశాన్య మూలనే దొరికే నీలిరంగు ఇసుకరాయి, అంగుళంన్నర మందం. రాయి దిగిన రోజున నాన్న ఒకదాన్ని అరచేత్తో నిమిరి, "ఇది మన బేతంచెర్ల నాపరాయే కదరా" అన్నారు. కాదు. నాపరాయి సున్నపురాయి జాతి, ఇది ఇసుకరాయి. ఆ సంగతి నేను చెప్పలేదు.

ఆగస్టు నెలాఖరుకు పని పూర్తయింది. చివరిరోజు సాయంత్రం ఆయన కిందింటి పెద్దాయనను ఆయన పెరట్లోనే, కంచె దగ్గర నిలబడమన్నారు. నన్ను పైన తోట గొట్టం పూర్తిగా విప్పమన్నారు. అరగంట నీళ్ళు పారించాను. ఎగువ నీరు బోదెలో తిరిగిపోయింది. రాళ్ళమీద పడ్డది నెమ్మదిగా అంచుకు జారి గులకరాళ్ళలో దిగింది. కొంతసేపటికి వీధివైపు గొట్టం చివర సన్నగా నీరు కనిపించింది. కిందాయన వంగి నేల తడిమి, పొడి చెయ్యి ఎత్తి చూపించాడు. తరువాత ఆయన పైకి వచ్చి తన పైపు వెలిగించాడు, నాన్న చుట్ట వెలిగించారు. ఆ వేసవంతా సాయంత్రాలు ఇద్దరూ అక్కడే కూర్చునేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు, చాలాసేపు మాట్లాడుకునేవారు.

నాన్న ఇంకొక్కసారి వచ్చారు. 1988లో ఊళ్ళోనే పోయారు. కొన్నాళ్ళకు కిందింటాయనా పోయాడు. ఆయన కుట్టుమిషను మా అమ్మాయి ఇంట్లో ఉంది, పనిచేస్తుంది.

రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 2018లో ఈ ఊళ్ళో ఎన్నడూ లేనంత వాన కురిసింది, యాభై ఏడంగుళాలు దాటింది. ఆ ఏప్రిల్‌లోనే ఈస్ట్ పిట్స్‌బర్గ్ దగ్గర 30వ నంబరు రోడ్డు ముక్క ఏకంగా వాలులోకి జారిపోయింది. ఆ ఏడు మా పాటియోలో ఒక మూల అరంగుళం కుంగితే రెండు రాళ్ళెత్తి, కింద ఇసుక సర్ది మళ్ళీ పెట్టాను. సిమెంటు పోసి ఉంటే ఆ వీలుండేది కాదు.

కొత్తగా కట్టించుకునేవారికి రెండు ముక్కలు. గునపం వేసేముందు 811కు ఫోను చేయండి. ఇక్కడైతే మూడు పనిదినాల ముందే చెప్పాలి. గ్యాసు గొట్టాలూ కరెంటు తీగలూ ఎక్కడున్నాయో వచ్చి గీతలు గీసిపోతారు, డబ్బు అడగరు. గోడ నాలుగడుగులు దాటేట్టుంటే చాలా ఊళ్ళలో పర్మిటు కావాలి, అంత ఎత్తు గోడ సొంతంగా కట్టే సాహసం చేయకండి. కాంట్రాక్టరును పెట్టుకుంటే, ఎన్ని చదరపుటడుగులని అడిగేవాడిని పంపించేసి, నీళ్ళెటు పోతాయని అడిగేవాడికోసం చూడండి.

నిన్న సాయంత్రం ఉండబట్టలేక పైయింటికి వెళ్ళాను. ఆ కుర్రవాడు మర్యాదస్తుడు, కాంట్రాక్టరు గీసిచ్చిన ప్లాను తెచ్చి చూపించాడు. చక్కగా రంగులు వేసి ఉంది. నిప్పుగుంట, బెంచీలు, దీపాలు, మూడడుగుల అడ్డుగోడ. గొట్టం ఎక్కడా లేదు. "నీళ్ళెటు పంపుతున్నారు?" అన్నాను. అతను ప్లానులో కాసేపు వెతికాడు. తరువాత తలెత్తి గోడ రాబోయే చోటు చూశాడు, దాని దిగువన మా పెరడు చూశాడు.

శనివారం తొమ్మిదింటికి కాంట్రాక్టరును కూడా పిలుస్తానన్నాడు, నన్ను రమ్మన్నాడు. పాత గొట్టం గరాజులోంచి తీసి చూస్తే బిరుసెక్కి అక్కడక్కడా పగిలింది. ఈ మధ్యాహ్నం వెళ్ళి ముప్పై అడుగులు కొత్తది కొనుక్కురావాలి.